ఫ్లాపీకి గంధం బొట్టు

పాత ఫ్లాపీ తొడుగు తీయగానే గంధం వాసన! గుర్తుందా, ఆయుధపూజకి కత్తిపీటకీ కుట్టుమిషనుకీ బొట్టు పెట్టేవారే? కోయంబత్తూరు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్న నా ఆటల ఫ్లాపీల్లో చేతికందిన వాటికల్లా అప్పట్లో మా అమ్మ పెట్టేసింది. పైనున్న కాగితం మీద కాదు, లోపలి నల్ల రేకు కనబడే కంతలోనే! సామికి కూడా ఆట కావాలనుకుందేమో.

కాలం చెల్లిన డాస్ కంప్యూటర్లకి అప్పట్లో ఊరికే పంచిన ప్రోగ్రాములన్నీ ఇప్పుడు పోగుచేస్తున్నాను. ఎక్కడా దొరకని పాముల ఆట ఒకటి ఈ ఫ్లాపీలోనే ఉంది. పెడితే డ్రైవు కీచుమని ఆగిపోయింది.

"ఏమ్మా, బొట్టు పెట్టేదానికి నీకు ఇంకో చోటే దొరకలేదా?" అని అరిచాను.

"అరవొద్దు నా బంగారు కణ్ణు. బొట్టు లేనివన్నీ పాత సామానోడికి వేసేస్తిని. బొట్టుండేదాన్ని పారేస్తే పాపం గదా, అందుకే దాచిపెడితిని."

ఏం చెప్పమంటారు? పనిచేసేవన్నీ పోయాయి. అమ్మ పుణ్యాన మిగిలిన వాటిలో ఒక్కటీ తెరుచుకోదు.