చర్చి గోడలో పగులు

మా పటాన్‌చెరు రాతి చర్చిని కూల్చి పెద్దది కట్టాలని సంఘ పెద్ద అన్నప్పుడు నేను ఇరుకున పడ్డాను. ఆదివారం ఆరాధనకు నేను వెళ్ళేది అక్కడికే; లోపల చోటు చాలక కొందరు బయటే నిలబడేవాళ్ళు. పాత కట్టడాలను కాపాడాలని, కొత్తవి పద్ధతిగా కట్టాలని పట్టుబట్టే మా ఊరి సమితిలోనూ సభ్యురాలిని. సమితి తరఫున మాట్లాడే పని నామీదే పడింది. సంఘ పెద్ద నాకు మామ వరస. బంధుత్వం చెడుతుందేమోనని భయపడుతూనే వెళ్ళాను.

"కూలగొట్టుడు జెర ఆపరాదు మామా," అన్నాను.

ఆయన నన్ను లోపలికి తీసుకెళ్ళి, గోడకు నిలువునా పడ్డ పగులు చూపించారు. "గిది సూసినవా? లారీలు పోతుంటే అదురుతది. పిల్లలు ఈడనే కూసుంటరు. మీద పడితే ఎవరు జవాబు చెప్పాలె?"

మర్నాడే మా సమితిలోని ఇంజనీరును రప్పించాను. ఆమె పగులు పొడవునా పూత గీకించి, లోపలి రాయిని జాగ్రత్తగా పరీక్షించింది. అంతసేపూ మామ కిటికీ చువ్వ పట్టుకుని నిలబడ్డారు.

"పరేషాన్ కాకుండ్రి అంకుల్. రాయి గట్టిగనే ఉన్నది, పైన పూసిన సిమెంటే పగిలింది. జాగా చాలకుంటే వెనక వరండా వేసుకుందాం," అందామె.

మామ బెంచీ మీద కూర్చుండిపోయారు. "నా పెండ్లి ఈడనే అయింది బిడ్డా. కూలగొట్టాలంటే నాకు మాత్రం పానం ఒప్పుతదా?" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. నాకూ గుండెల మీది బరువు దిగింది.

రాతి గోడలకు నప్పేలా వరండా కట్టాం. మొన్న ఆరాధన మధ్యలో వాన దంచికొట్టింది. ఎవరూ తడవలేదు.