ముప్పై ఒక్క టిక్కుల కంప్యూటర్

హాజరైనవారు: నేను, అక్క, నాయన. హాజరైన వస్తువులు: ప్రాసెసర్ ఒకటి, మదర్‌బోర్డు ఒకటి, కూలర్ ఒకటి, స్క్రూలు పదహారు, ముప్పై ఒక్క అంశాల చెక్‌లిస్టు ఒకటి. హాజరు కానిది నా బుర్ర. కోడుమూరులో ఒక ఇంజనీరు పరువు ఒక్క మధ్యాహ్నంలో ఎలా పోయిందో చూడదలచినవారు కాస్త ముందుకు జరిగి కూర్చోండి.

అక్క ఇంట్లోనే ఫ్లెక్సీలు డిజైన్ చేస్తుంది. పాత కంప్యూటర్ ఒక్క ఫోటో తెరిచేలోపు సంగటి ఉడికిపోయేది. కొత్త భాగాలు ఎంచే పని నెత్తినేసుకుని మూడు నెలలు పట్టికలు గీశాను. పెళ్లిసంబంధానికి కూడా ఎవరూ ఇన్ని గళ్లు నింపి ఉండరు. ప్రాసెసర్‌కూ మదర్‌బోర్డుకూ జాతకాలు కలిశాయి. ప్రాసెసర్ మీద కూర్చుని వేడి లాగే కూలర్‌ను మాత్రం, మన ఎండలకు తగ్గట్టు, దున్నపోతంతది తెప్పించాను.

"దీంట్లో నీళ్లు యాడ పోయాలప్పా?" అన్నాడు నాయన.

"నీళ్ల కూలర్ కాదు నాయనా. నీకు తెలీదులే, ఊరుకో."

ఆయనకు తెలిసింది ఒక్కటే: కొత్త వస్తువుకు కవరు తీయకూడదు. రిమోటు, కుర్చీలు, ఫ్రిజ్ పిడి, నాలుగేళ్ల నాటి స్కూటర్ సీటు, అన్నీ ఇంకా ప్లాస్టిక్‌లోనే. కూలర్ బిగిస్తూనే ఆయనకు ఉపన్యాసమిచ్చాను. "కవరు తీయకుంటే వస్తువు కొన్నట్టే కాదు నాయనా!"

ముప్పై ఒక్క టిక్కులూ పడ్డాయి. మీట నొక్కాను. వెలిగింది. అక్క చర్చి వార్షికోత్సవం బ్యానర్ తెరిచింది. చివరి మెరుగులే మిగిలాయి. సాయంత్రం ఐదుకల్లా ప్రెస్సుకు చేరకపోతే ఇకమీదట పని పక్క వీధి దుకాణానికే అని పాస్టరయ్య ముందే చెప్పాడు.

రెండు నిమిషాలకు ఠప్పున ఆరిపోయింది.

"ఏమప్పా, ఆరిపాయె!"

"కరెంటు సరిగా లేదక్కా."

"ఫ్యాను బాగానే తిరుగుతాండాది గదా?"

"అయితే ఎండక్కా."

"శానా బాగుండాది. ఎండ నీ పట్టికలో రాసుకోల్యా?"

అలా ఐదుసార్లు ఆరింది. నాలుగున్నరయింది. అక్క కళ్లు ఎర్రబడ్డాయి. భాగాలు పంపిన కర్నూలు దుకాణదారుకు వీడియో కాల్ చేసి, నాసిరకం కూలర్ అంటగట్టావంటూ ఆయన్ను వినియోగదారుల కోర్టు మెట్లదాకా ఈడ్చాను.

"సార్, ఒకసారి ఊడదీసి అడుగు చూపించండి," అన్నాడాయన తాపీగా.

ఊడదీశాను. అడుగు ఫోన్‌కు చూపించాను. నాయన కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు.

"రేయ్, దీనికీ కవరు ఉండాదే!"

ఉంది. ప్రాసెసర్ వేడి కూలర్‌కు చేరకుండా అడ్డంగా, పల్చటి ప్లాస్టిక్ పొర. దాని మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాల్లో, వాడే ముందు తీసేయమని. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. నా కూలర్ తన కింద కవరెరగదు.

"మంచి పని చేసినావప్పా," అని నాయన మనస్ఫూర్తిగా నా భుజం తట్టాడు. "గీతలు పడవు."

పొర పీకి, వేడిని కూలర్‌కు అందించే పేస్టు మళ్లీ పూసి బిగించాను. ఐదుకు మూడు నిమిషాల ముందు బ్యానర్ వెళ్లింది. అక్క ఆ పొరను తీసుకెళ్లి గోడమీది నా డిగ్రీ పట్టాకు అంటించింది.

ఆ పట్టా సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నాయన కవర్ల జోలికి ఈ జన్మలో పోను. ఆ రోజుకు మా ఇంట్లో కవరు తీయని వస్తువులు పద్నాలుగు. ఇప్పుడు పదమూడు.