రజియా అక్క వెనక్కి తిరిగిన రోజు

నిన్న మధ్యాహ్నం జనగామ దవాఖానలో చెవి పరీక్ష గది బయట కూర్చున్నాను. ఎవరి చేతిలోంచో స్టీలు టిఫిన్ మూత జారి గచ్చు మీద పడి, గిరగిరా తిరిగి ఆగింది. ఆ చప్పుడు ఆగేదాకా నా భుజాలు బిగుసుకునే ఉన్నాయి. నేను వెంటబెట్టుకొచ్చినావిడకు చెవులు వినపడవు. ఆమె గోడ మీది క్యాలెండర్ చూస్తూనే ఉంది. అలాంటి చప్పుడు ఎక్కడ విన్నా నాకు రజియా అక్క గుర్తొస్తుంది.

మూడేళ్ళ వయసులో జ్వరం వచ్చి ఆమెకు రెండు చెవులూ పోయాయట. పెళ్ళి కాలేదు. చిల్పూరులో అన్నగారింటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఇంట్లోవాళ్ళ దక్కనీ ఉర్దూనూ, వచ్చేవాళ్ళ తెలుగునూ పెదవుల మీదే చదువుకునేది. తాను చెప్పేదంతా చేతులతోనే. పదో తరగతి తప్పి, తండా నుంచి నేను ఆమె దగ్గర కుట్టు నేర్చుకోవడానికి వెళ్ళాను. ఇంట్లో మాది లంబాడీ మాట. నా తెలుగు విని బళ్ళో నవ్వేవాళ్ళు. అక్క దగ్గర ఆ బాధ లేదు. ఆర్నెల్లలో ఆమె సైగలు నాకు ఇంటి మాటంత సులువయ్యాయి. కుట్టు వంకర పోతే ఏమీ అనేది కాదు, కత్తెర నా ముందుకు తోసేది. విప్పి మళ్ళీ కుట్టాలని అర్థం.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. అప్పుడే అక్క కళ్ళు మసకబారడం మొదలైంది. సూదిలో దారం నేనే ఎక్కించేదాన్ని. "కండ్లు పోతే కుట్టు పోతది. ఎదుటోళ్ళ మాట గూడ పోతది" అని ఒకరోజు చేతులతో చెప్పింది. అందుకే వికలాంగుల పింఛనుకు పెట్టుకుందామంది. జనగామలో ఒక బడిలో సర్టిఫికెట్ల క్యాంపు పెడితే ఇద్దరం వెళ్ళాం.

"ఏమైంది ఈమెకు? మంచిగనే ఉన్నది గద" అన్నాడు బల్ల దగ్గరాయన.

"ఇనపడది సార్" అన్నాను.

"మిషన్ కుడ్తదని రాసిన్రు. కాళ్ళు చేతులు మంచిగున్నయ్. పింఛనెందుకు?"

చివరికి ఒకతన్ని అక్క వెనక నిలబెట్టి స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొట్టించాడు. నేను ఆమెకు ఎదురుగా ఉన్నాను. చప్పుడుకు ఉలిక్కిపడ్డాను. నా మొహం చూసి, వెనక ఏదో జరిగిందనుకుని అక్క గిరుక్కున తిరిగింది. "ఇనపడ్తనే ఉన్నది" అంటూ ఆయన కాగితం మీద ఏదో రాసి పక్కన పెట్టాడు. నేను చెప్పబోతే, తర్వాతి వాళ్ళను పిలిచాడు.

బస్టాండులో బల్ల మీద కూర్చుని ఏడ్చాను. అక్క నా గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఎందుకేడుస్తున్నవ్?"

"నావల్లనే అయింది అక్కా."

"నువ్వు చప్పుడుకు బెదిరినవ్. నేను నిన్ను చూసిన. ఇద్దరం తప్పు చెయ్యలే. పళ్ళెం కొట్టి చెవులు చూసుడే తప్పు."

ఒక్కదాన్నే అడిగితే మళ్ళీ ఇంతే అవుతుందని, చుట్టుపక్కల ఊళ్ళలో తనలాంటి వాళ్ళను ఇంకో ఐదుగురిని వెతికింది. వాళ్ళను వెంటబెట్టుకుని జనగామ రిలే దీక్షల టెంటుకు వెళ్ళాం. అక్కడ రిటైరైన పంతులుగారొకరు మైకులో, మన మాటను సినిమాల్లో ఎక్కిరించిన్రు అని చెబుతున్నారు. ఏమంటున్నాడని అక్క అడిగింది. చెప్పాను. వెంటనే లేచి మైకు దగ్గరికి నడిచింది. ఆమె చేతులు చెప్పింది నేను పలికాను:

"మా మాట చేతులల్ల ఉన్నది. దాన్నెవరూ ఎక్కిరించలే, అసలు చూడనే లేదు. మా చెవులను మిషన్‌తోటి పరీక్ష చెయ్యమని జర మీరు గూడ అడగాలె."

పంతులుగారు మైకు పక్కన పెట్టి, అక్కడే అక్కతో కలిపి ఆ ఆరుగురి పేర్లతో అర్జీ రాశారు. ఆఫీసుకు మాతోపాటు మూడుసార్లు తిరిగారు. చివరికి ఆఫీసువాళ్ళు వరంగల్ పెద్ద దవాఖానకు రాసిచ్చారు. వెళ్ళాల్సిన రోజు సమ్మె, బస్సుల్లేవు. పత్తి తోలే ట్రాలీలో వెళ్ళాం. తలకు వైర్లు పెట్టి చేసే పరీక్షలో అక్కకు రెండు చెవులా ఏమీ వినపడదని తేలింది. ఐదుగురికి సర్టిఫికెట్లు వచ్చాయి. ఆరో ఆయనకు ఒక చెవి కొంత వినపడుతుందని ఇవ్వలేదు. అక్క తన పింఛను మొదలయ్యాక కూడా ఆయన కోసం తిరిగింది. ఆ పని కాలేదు.

రాష్ట్రం వచ్చాక అక్కకు కంటి ఆపరేషన్ అయింది. మళ్ళీ సూదిలో దారం తానే ఎక్కించుకుంది. మూడేళ్ళ కిందట పోయింది. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అలా కుట్టుపని తగ్గి, చెవులు వినపడని వాళ్ళ వెంట ఆఫీసులకు వెళ్ళడమే నా పనైంది. ఈమెకు అర్హత లేదని ఎవరైనా కాగితం పక్కన పెడితే, ఒకప్పుడైతే తలవంచుకుని బయటికి వచ్చేదాన్ని. ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంటాను. "ఎట్ల చూసిన్రు సార్?" అని అడుగుతాను. ఆయన చెప్పేదంతా, ఒక్క మాట పోకుండా, పక్కనున్న మనిషికి చేతులతో చెబుతాను.