మేకుకు తగిలించిన బ్యాడ్జీలు

ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన నిరూప్ మైతి కాళ్లరిగేలా తిరిగినా కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం రాలేదు. చివరికి బెంగాల్‌లోని హల్దియాలో మాతోపాటు చమురు గొట్టాల అతుకులను రేడియేషన్‌తో ఫొటో తీసే పనిలో చేరాడు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పే బ్యాడ్జీ మా చొక్కాలకు ఉండాలి. అది మోతాదు మించితే పనిలోంచి పక్కన పెట్టేస్తారు. అందుకే పని మొదలుపెట్టే ముందు బ్యాడ్జీలు తీసి టీ పాకలో మేకుకు తగిలించి అక్కడే వదిలేసేవాళ్లం.

"ఇదేం తెలివి, హల్దార్ దా? కళ్లు మూసుకుంటే ఎదురుగా వచ్చే లారీ ఆగుతుందా?" అని వచ్చిన రోజే మా మేస్త్రీ హల్దార్ మీద ఎగిరాడు నిరూప్.

"నీ చదువు నీ దగ్గరే పెట్టుకో. ఇంట్లో కూర్చోబెడితే అప్పుడు తెలుస్తుంది," అన్నాడు మేస్త్రీ.

కొన్నాళ్లకు నిరూప్ బ్యాడ్జీ కూడా మేకెక్కింది.

ఈసారి పరీక్షకు పంపిన బ్యాడ్జీలన్నీ మోతాదు మించి వచ్చాయి.

"మేకుకు వేలాడేవాటికి ఏం తగిలిందిరా? వాళ్ల మిషనే పాడై ఉంటుంది!" అని మేస్త్రీ పడీపడీ నవ్వాడు.

నిరూప్ నవ్వలేదు. పాక వెనక్కి పరుగెత్తాడు. గొట్టాల ఫొటోలకు వాడే రేడియేషన్ పెట్టెను వానకు తడవకుండా, పని లేనప్పుడల్లా మేమే అక్కడ రేకు గోడకు ఆనించి పెడుతున్నాం. దాని మూత పూర్తిగా పడలేదు. గోడకు ఇవతల మేకు. మేకు కింద, రోజంతా పీట మీద కూర్చుని టీ కాచే శెఫాలీ మాషీ.

"మాషీ, లే! బయటికి రా!" అని అరిచాడు.

"వస్తాలే బాబూ. మా అమ్మాయిని కూడా ఫిజిక్స్‌లోనే చేర్పించనా? నీకు ఉద్యోగం బాగానే దొరికిందిగా," అంది మాషీ, లేవకుండానే గ్లాసులు కడుగుతూ.