మాల తీసిన సాయంత్రం

సూరత్‌ పాండేసరలోని రంగుల మిల్లులో గణపతి చేసే పని చూడ్డానికి సులువుగానే ఉంటుంది. రంగు వేసిన చీరగుడ్డ ఆరాక దాన్ని తెల్ల గుడ్డముక్కతో గట్టిగా రుద్దుతాడు. ముక్కకు రంగు అంటితే కచ్చా, అంటకపోతే పక్కా. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చి సగం వయసు ఇక్కడే గడిపిన ఆ మనిషి, లోకాన్నంతా ఆ రెండు మాటలతోనే కొలుస్తాడు. సేటు మాట కచ్చా, పక్కింటివాళ్ల స్నేహం కచ్చా, భార్య ప్రమీల కోపం మాత్రం పక్కా.

తన సంగతే ఆయనకు తేలలేదు. ఏటా హనుమాన్ మాల వేస్తాడు. వేసిన రోజు నుంచి ఇంకో మనిషి అయిపోతాడు. చన్నీళ్ల స్నానం, నేల పడక, ఒంటిపూట భోజనం, నోట ఒక్క చెడ్డ మాట రాదు. దీక్షలో ఉన్నవాణ్ని స్వామీ అనాలి కాబట్టి భార్యా కూతురూ కూడా స్వామీ అనే పిలుస్తారు. ఆయన వాళ్లను మాతా అంటాడు. మండలం పూర్తయి మాల తీసిన సాయంత్రమే తోటి పనివాడు పరమేశ్వర్ గదిలో తేలతాడు. గుజరాత్‌లో మందు బంద్ అన్న సంగతి బోర్డులకే తెలుసు; పోట్లీలకు, అంటే సారా నింపిన ప్లాస్టిక్ సంచులకు, ఎవరూ చెప్పినట్టు లేదు. ఇంటికి వచ్చేసరికి స్వామి ఉండడు. ప్రమీలను గుమ్మం బయట నిలబెట్టి తిట్టే మొగుడు ఉంటాడు.

ఈసారి ప్రమీల ముందే చెప్పింది. మాల తీసినంక తాగి వస్తే పిల్లను తీసుకుని భివండీలో అక్క దగ్గరికి పోతానంది. అరవలేదు, ఏడవలేదు. సంచిలో బట్టలు సర్ది గడప పక్కన పెట్టింది. గణపతికి నిజంగా భయం వేసింది.

దీక్ష ఆఖరి రోజుల్లో కూతురు లతకు పరీక్షలు వచ్చాయి. బీఏ చదివే ఆ పిల్లకు పైకి చదివితే తప్ప ఏదీ తలకెక్కదు. ఒక పొద్దున, అమెరికా ఇంకా ఇంగ్లిషు రాజు కింద ఉన్నప్పటి ఇద్దరు మనుషుల గురించి చదువుతోంది. పూజ ముగించిన గణపతి చెవి అటు పడింది.

"ఎవలు మాతా ఆళ్లు?"

"ఒకాయనది అచ్చాఫీసు, స్వామి. ఇంకొకాయన చర్చిల పాస్టరు. మంచితనం ఏడికెల్లి వస్తదో ఇద్దరు తలో తీరు చెప్పిండ్రు."

గణపతి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "ఏడికెల్లి వస్తదట?"

"అలవాటుతోని వస్తదని అచ్చాఫీసాయన అంటడు. మంచి గుణాలు రాసుకుని, వారానికి ఒక్కదాని మీద మనసు పెట్టిండు. తప్పు చేసిన దినం నల్ల చుక్క పెట్టుకున్నడు. మనుషులకు మేలు చేసుడే దేవునికి అసలైన పూజ అంటడు."

"చుక్కలు పోయినయా మరి?"

"అన్ని పోలే. నాల ఇన్ని తప్పులున్నయా అని ఆయననే పరేషాన్ అయిండు. గని అసలు చెయ్యకుంటె ఎట్లుంటుంటినో, గంతకంటె నయమే అన్నడు."

గణపతికి ఆ మనిషి తెగ నచ్చాడు. ఆయన కూడా ఏదో మాల వేసినవాడిలాగే ఉన్నాడు.

"పాస్టరు ఒప్పుకోడు," అంది లత. "మనిషి భయానికో, పేరుకో, తన లాభానికో మంచిగుంటడు, అది మంచితనం కాదంటడు. దేవుని మీద ప్రేమ పుట్టి లోపలి మనసే మారాలె. అది మనం తెచ్చుకునేది కాదు, ఆయన ఇయ్యాలె."

"ఇయ్యకపోతే?"

లత పుస్తకం తిరగేసింది. "నాకు గూడ గదే సమజ్ కాలే. ఇంకో సంగతి, స్వామి. పడుచు వయసుల ఆ పాస్టరు గూడ శానా నియమాలు రాసుకున్నడు. గని అన్నిటికంటె ముందు, దేవుని సాయం లేకుంటె నాతోని ఏదీ కాదని రాసుకున్నడు."

ఆ మాట గణపతిని వదల్లేదు. రోజంతా మిల్లులో అదే ఆలోచన. మామూలు నూలుగుడ్డను మళ్లీ మళ్లీ ముంచితే రంగు ముదురుతుంది. అదే పాలిస్టర్‌ను ఉత్త వేడినీళ్లలో ఎంతసేపు నానబెట్టినా లాభం లేదు. మూత బిగించి, లోపల గట్టి వేడి పుట్టిస్తేనే రంగు పడుతుంది. తాను ఏ గుడ్డ? సాయంత్రం ఇదంతా లతకు చెప్తే నవ్వింది.

"పరీక్షల మీ మిల్లు సంగతి రాస్తె సున్నా ఏస్తరు, స్వామి."

సెలవు దొరక్క ఆ ఏడు కొండగట్టుకు పోలేకపోయాడు. సూరత్‌లోనే ఆంజనేయుని గుడిలో గురుస్వామి రాజనర్సు మాల తీశాడు. మెడ మీంచి మాల లేవగానే గణపతికి మందు మీదికి మనసు లాగింది. తనను తాను రుద్ది చూసుకున్నాడు, రంగు అంటింది. దీక్ష అంతా చేసినా మనసు వీసమెత్తు మారలేదని తెలిసి ఏడుపొచ్చింది.

గల్లీ మలుపులో పరమేశ్వర్ నిలబడి ఉన్నాడు. "రా అన్నా, అన్ని తెచ్చిపెట్టిన." గణపతి గది తలుపు దాకా వెళ్లాడు. అక్కడ గడప చూడగానే ఇంటి గడప, పక్కన సంచి గుర్తొచ్చాయి. భయానికి మంచిగా ఉంటే అది మంచితనం కాదని పాస్టరు అన్నాడు. అననీ.

"ఇయ్యాల గాదు తమ్మీ," అని వెనక్కి తిరిగాడు.

ఇంటి దగ్గర ప్రమీల గుమ్మంలోనే నిలబడి ఉంది. గణపతి దాచలేదు.

"ఆశ పోలే, ప్రమీల. మాల తీయంగనే పుట్టింది. పరమేశ్వర్ తలుపు దాక పోయిన. తాగలే."

ఆమె దగ్గరికి వచ్చి వాసన చూసింది. "దేవుడు యాదికొచ్చి ఆపిండా?"

"లేదు. నీ సంచి యాదికొచ్చింది."

లోపలి నుంచి లత అంది, "పాస్టరు నిన్ను ఫెయిల్ చేస్తడు, బాపు."

"అచ్చాఫీసాయన?"

"ఇయ్యాలటికి చుక్క పెట్టడు."

గణపతి చెప్పులు విడిచాడు. "నిన్నటి గుడ్డ పక్కా అయిందని ఇయ్యాలటిది రుద్దకుండ ఇడువం. నన్ను గూడ దినాం చూడుండ్రి."

ప్రమీల సంచి విప్పి రెండు చీరలు తీసి దండెం మీద వేసింది. మిగిలినవి అందులోనే ఉంచి, సంచి మళ్లీ గడప పక్కనే పెట్టింది.

"కాళ్లు కడుక్కో, స్వామి. బువ్వ పెడత," అంది.

గణపతి చెయ్యి ఖాళీ మెడ మీదికి పోయింది. ఎగతాళికి అన్నదా, నిజంగానే అన్నదా అని అడగాలనిపించింది. అడగకుండా కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.