తోక కిందికా, పైకా?

హామిల్టన్ బయట పొలాల మధ్య మా చెల్లెలి ఇల్లు. అంత దూరదేశం వెళ్లినా అలవాటు మానక, వంట కాగానే కంచె దగ్గర కాకికి ముద్ద పెట్టేదాన్ని. ఒకరోజు బూడిదరంగు జంతువొకటి ఆ ముద్ద తినేసి పారిపోయింది. కుక్కే అనుకున్నాను.

దూరం నుంచి చూశాడేమో, పక్కింటి పెద్దాయన తన బుల్లి కుక్కను చంకనెత్తుకుని పరుగున వచ్చాడు.

"పరిగెత్తేటప్పుడు తోక కిందికుందా, పైకుందా? కిందికుంటే అది కుక్క కాదు, కయోటీ, తోడేలు జాతిది. నా కుక్కను ఎత్తుకుపోతుంది."

"తోకెవరు చూశారండీ!"

"తిండి పెట్టారుగా, మళ్లీ వస్తుంది."

నేను నోరు తెరిచేలోపే మా మరిది, "సారీ, ఆవిడకి తెలీదు," అనేశాడు. తెలీనిది నాకొక్కదానికేనా? అదేమిటో వాళ్లిద్దరికీ తెలీదు. నేనున్నన్నాళ్లూ ఆయన కుక్కను కిందికి దించలేదు.

ఏడాదైనా అది కుక్కో, కయోటీయో తేలలేదు. ఆ సారీ మాత్రం మా మరిదిదే, నాది కాదు.