ఎవరు చెయ్యి చాపినా ఆగాలి

అది 2022, వానలు మొదలైన రోజులు. మద్దిలపాలెం బస్ డిపోకి దగ్గర్లోని ఒక చిన్న డీ-అడిక్షన్ సెంటర్‌లో, అంటే తాగుడు మానిపించే ఆసుపత్రిలో, నేను కౌన్సెలర్‌ని. అంతకు ముందు పన్నెండేళ్ళు నర్సుగా పనిచేశాను. మనిషిని చూడగానే అంచనా వేసేయగలనన్న ధీమా దండిగా ఉండేది. అప్పారావు కేసుతో అది కాస్త దిగింది.

అప్పారావుకి నలభై రెండేళ్ళు. పరవాడ వైపు ఒక ప్రైవేటు యార్డులో క్రేన్ ఆపరేటర్. మా దగ్గర చేరడం అది మూడోసారి. మొదటి వారం డీటాక్స్. ఒంట్లోంచి మందు దిగేదాకా వణుకు, చెమటలు, నిద్రలేమి. అది గట్టెక్కాక అతను వార్డుకే పెద్దమనిషి అయిపోయాడు. దుప్పటి నలగకుండా మడత పెట్టేవాడు, కొత్తగా చేరినవాళ్ళకు ధైర్యం చెప్పేవాడు, నన్ను చూస్తే లేచి నిలబడేవాడు. ఈసారి తప్పకుండా మానేస్తాడని డాక్టర్‌గారికి కూడా చెప్పేశాను.

మా ఆయా పార్వతమ్మ మాత్రం ఒకరోజు గుమ్మంలో నన్ను ఆపింది. "మేడమ్, ఆడు మీకాడ ఒకలాగ, మాకాడ ఒకలాగ ఉంతన్నాడు. తడి నేల మీద నడవొద్దన్నానని, నాకు సెప్పడానికి నువ్వెవత్తివి అనీసాడు."

సరే చూస్తాలే అని పంపేశాను. చూడలేదు.

మూడో వారంలో ఇన్వెంటరీ రాయిస్తాం. కొట్లో ఏ సరుకు పాడైందో చూసుకున్నట్టు, తనలో ఏ గుణం పాడైందో పేషెంటే నోటుబుక్కులో రాసుకోవాలి. సీసా మానడం సగం పనే. సీసా దాకా నడిపించిన గుణం లోపల అలాగే ఉంటే మళ్ళీ అక్కడికే తీసుకెళ్తుంది. అప్పారావు గుండ్రటి అక్షరాలతో పదకొండు పేజీలు రాశాడు. భార్య లక్ష్మి సణుగుడు, బావమరిది ఎత్తిపొడుపులు, సూపర్‌వైజర్ పక్షపాతం. నాలుగో పేజీ నిండా సింహాచలం అనే తోటి పనివాడు.

"అప్పారావు గారూ, ఇందులో ఊరందరి తప్పులూ ఉన్నాయి. మీవేవి?"

"నా తప్పు తాగడమే మేడమ్. అది మానీసాను కదా."

సింహాచలం ఆ యార్డులో సిగ్నల్‌మాన్. పైనున్న ఆపరేటర్‌కి కింద అంతా కనబడదు కాబట్టి, కింద నిలబడి చేతులతో దారి చూపేవాడు. ఆరు నెలల కిందట ఇనుప ప్లేట్ల లోడు ఊగి అతని పాదం నలిగింది. వాడే సిగ్నల్ ఆలస్యంగా ఇచ్చాడని అప్పారావు విచారణలో చెప్పాడు. సింహాచలం పని పోయింది.

నాకు ఒళ్ళు మండింది. కానీ అరిస్తే పన్నెండో పేజీలో నన్ను చేర్చేవాడు. అందుకని మర్నాడు గ్రూప్ సెషన్‌లో, పేషెంట్లందరూ గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునే ఆ గంటలో, క్రేన్ సిగ్నల్స్ మాకు నేర్పమన్నాను. హుషారుగా లేచాడు. నేల తుడుస్తున్న పార్వతమ్మ కూడా ఆగి చూసింది. ఎత్తు, దించు, తిప్పు అన్నీ చూపించాడు. చివర్న రెండు చేతులూ పక్కలకు బారుగా చాపి ఊపాడు.

"ఇది ఎమర్జెన్సీ స్టాప్. మిగతావి సిగ్నల్‌మానే ఇవ్వాల. ఇది మాత్రం ఎవులిచ్చినా ఆపీయాల. సీపురు పట్టుకున్నోలిచ్చినా సరే, ఎందుకని అడక్కూడదు."

"సింహాచలం ఇది ఇచ్చాడా?"

చేతులు మెల్లగా దిగిపోయాయి.

"ఇచ్చాడు. నాను సూసాను."

"చూసి?"

"నాకు సెప్పడానికి ఈడెవడు అనుకున్నాను." కుర్చీలో కూలబడి మళ్ళీ అన్నాడు. "ఆ పూట తాగున్నాను మేడమ్. తాగకపోయినా అదే అనుకుందును."

నోటుబుక్కులో అతని సొంత పేజీ అప్పుడు మొదలైంది.

ఒప్పుకోవడంతో పని అయిపోదు. చెడింది బాగుచేయాలి. అంటే యార్డుకి నిజం రాసివ్వాలి. ఆదివారం వచ్చిన లక్ష్మి భయపడిపోయింది. "నిజం సెప్తే ఉజ్జోగం పోద్ది మేడమ్. మందు మానీసాడు కదా, అది సాలదా ఏటి?"

"చాలదు లక్ష్మీ. ఇది కడుపులో పెట్టుకుని ఇంటికొస్తే నాలుగోసారి ఇక్కడికే వస్తాడు. నిర్ణయం మాత్రం మీ ఇద్దరిదీ."

లక్ష్మి భర్త వైపు తిరిగి అంది. "సెప్పీయ్. ఏదైతే అదవుద్ది."

డిశ్చార్జి అయ్యాక ముందు జాలరిపేటలో సింహాచలం ఇంటికే వెళ్ళాడు. కాళ్ళు పట్టుకోబోతే అతను పాదం వెనక్కి లాక్కున్నాడట. "కాళ్ళొద్దులే. ఇంకెప్పుడైనా నాను సెయ్యి సాపితే ఆగు, అంతే." మర్నాడు అప్పారావు యార్డులో నిజం రాసిన కాగితం ఇచ్చాడు. సింహాచలాన్ని తిరిగి తీసుకున్నారు. అప్పారావుని క్రేన్ మీంచి శాశ్వతంగా దించేసి, కింద లోడు కట్టే పనిలో పెట్టారు. పదిహేనేళ్ళు కూర్చున్న కేబిన్‌ని రోజూ కింద నుంచి చూడాలి. మూడేళ్ళు దాటింది, మందు ముట్టలేదు. పోయిన నెల ఫాలో-అప్‌కి వచ్చినప్పుడు గుణం పోయిందా అని అడిగాను.

"ఎక్కడ పోద్ది మేడమ్. ఈడెవడు అన్న మాట ఇప్పటికీ నోటిదాకా వత్తాది. ఆడి సేతులు గుర్తుకొత్తాయి, ఆగిపోతన్నాను."

తాగుడు మానడమంటే ఇదేనని ఇప్పుడు నేను ధైర్యంగా చెప్పగలను. గుణం ఒక్కసారిగా ఊడిపోదు. దాన్ని చూసి, పేరు పెట్టి, రోజూ ఆపగలిగితే పట్టు సడలుతుంది. ఈ సంగతి నన్ను నేను చూసుకున్నాక తెలిసింది. పార్వతమ్మ గుమ్మంలో ఆపిన రోజు, ఆయాకేం తెలుసులే అనుకున్నది నేనే. చుక్క తాగకుండానే అనుకున్నాను. అప్పారావు డిశ్చార్జి రోజునే ఆవిడకి క్షమాపణ చెప్పాడు. నేను చెప్పడానికి ఇంకో వారం పట్టింది.

ఇప్పుడు ఒక్కో పేషెంటు గురించి మాట్లాడుకునే కేస్ మీటింగ్‌లో పార్వతమ్మ కూడా కూర్చుంటుంది. మొన్న కొత్త పేషెంటు గురించి నేను ధీమాగా చెప్పుకుపోతున్నాను. ఆవిడ లేచి, ఏమీ అనకుండా, రెండు చేతులూ పక్కలకు చాపింది.

నోరు మూసుకుని కూర్చున్నాను.